పిడుదులు మళ్లీ మళ్లీ పట్టేస్తున్నాయి

బొబ్బిలి పాడిరైతు: డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు లీటరు నీటికి 2 మి.లీ. కలిపి కొట్టినా జెర్సీ ఆవుకి మళ్లీ పిడుదులు. ఎందుకండీ?

రాజాం నుంచి జవాబు: ఒంటిమీదవి చచ్చాయి, సాలలోవి బతికున్నాయి బాబూ. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు రాలిపడి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. పగుళ్లు పూడ్చి, గోడలకీ కొట్టండి. 15 రోజులకి మళ్లీ. చెవి లోపలి మడతలు, తోక కింద, పొదుగు పక్క తొడసందు మందులో ముంచిన గుడ్డతో తుడవండి, పిచికారీ అక్కడికి అందదు. ముందు నీళ్లు తాగించండి, దాహంతో ఉంటే తడి ఒళ్లు నాకేస్తుంది.

ఆమదాలవలస నుంచి మరో మాట: పిడుదుల వల్ల రక్తపు జబ్బులూ వస్తాయి. జ్వరంతో భుజం ముందు లింఫు గ్రంథి (బిళ్ల) ఉబ్బితే థైలేరియా, మూత్రం కాఫీరంగైతే బెబీసియా అనే జబ్బు అనుమానించాలి. రెంటికీ మందులు వేరు. రక్తపరీక్ష అయ్యాకే ఇంజెక్షన్. మిగిలిన పిడుదుల మందు చెరువులో పోయొద్దు, చేపలు చస్తాయి.