గుట్టుగా బతకడం, రహస్యంగా బతకడం

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర మా ఇంట్లో వారం రోజులుగా వాదన తెగడం లేదు. ఇక్కడ పెడితే ఏదో ఒకటి తేలుతుందని రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా అమ్మాయి ఇంగ్లీషు సస్పెన్స్ నవలలు బాగా చదువుతుంది. అందులోనూ దానికి ఇష్టమైన రకం ఒకటుంది. ప్రశాంతమైన కాలనీ, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు, ముందు పచ్చగడ్డి, కనిపిస్తే చెయ్యూపే పక్కింటివాళ్ళు. నాలుగు అధ్యాయాలు తిరిగేసరికి ఆ పలకరింపుల వెనక ఏదో కుళ్ళు ఉందని తెలుస్తుంది. ఇప్పుడు తెలుగులో తనే అలాంటి కథ రాసింది. కథ జరిగేది విజయవాడ పక్కన కానూరులో, ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. మొదటి వాక్యం ఇది: "ఎదురు ఫ్లాట్ వాళ్ళు రహస్యంగా బతుకుతున్నారు."

ఆ వాక్యం నాకు పంటి కింద రాయిలా తగిలింది. "రహస్యంగా బతకడం ఏమిటే, వాళ్ళేమన్నా అజ్ఞాతవాసంలో ఉన్నారా? గుట్టుగా బతుకుతున్నారు అని రాయి" అన్నాను. "గుట్టుగా అంటే మెచ్చుకున్నట్టు ఉంటుందమ్మా. మొదటి వాక్యంలోనే మెచ్చుకుంటే చదివేవాళ్ళకి టెన్షన్ ఎక్కడ్నించి వస్తుంది?" అంది.

ఆలోచిస్తే దాని మాటా నిజమే. మన గుంటూరు, కృష్ణా వైపు "గుట్టైన మనిషి" అంటే పొగడ్తే. ఇంట్లో ఉన్నా లేకపోయినా బయటపడదు, అప్పున్నా పక్కవాళ్ళకి చెప్పుకోదు, మొగుడితో మాటామాటా వచ్చినా గడప దాటనివ్వదు అని. సంబంధాలు చూసేటప్పుడు "గుట్టుగల కుటుంబం" అన్నారంటే సగం పని అయినట్టే. అదే మాట పేపర్లో జిల్లా పేజీకి ఎక్కితే "ముఠా గుట్టు రట్టు" అవుతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ గౌరవం, పోలీసుల చేతికి వచ్చేసరికి నేరం.

రహస్యం అలా కాదు. "నీకో రహస్యం చెప్తాను, ఎవరికీ చెప్పకు" అంటాం. "నీకో గుట్టు చెప్తాను" అని మాత్రం అనం. గుట్టు విప్పుతారు, లాగుతారు, కాపాడుకుంటారు, లేదంటే అది రట్టవుతుంది. ఇచ్చి పుచ్చుకునే వస్తువు కాదది, ముడి వేసి ఉన్న మూట. పిల్లలు చెవిలో చెప్పుకునేది రహస్యం. గుట్టు ఉండాలంటే ఇల్లుండాలి, పరువుండాలి, చూసే నలుగురుండాలి. "లోగుట్టు పెరుమాళ్ళకెరుక" అన్న సామెతలో ఆ "లో" ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతోంది నాకు. పైకి కనిపించే గుట్టు ఒకటి ఉంటుంది, అది అందరూ మెచ్చుకునేది. దాని లోపల ఇంకోటి.

రెండో గొడవ ఈ కథల పేరు. ఇంగ్లీషులో ఇంటి లోపలి భయాన్ని పట్టుకుని రాసే ఈ రకానికి 'డొమెస్టిక్ నువార్' అన్న పేరు 2013లో జూలియా క్రౌచ్ అనే రచయిత్రి పెట్టింది. తెలుగులో ఏమనాలి? మా అమ్మాయి ఇంగ్లీషు 'సబర్బ్'ని శివారు చేసి, పైన "శివారు సస్పెన్స్" అని రాసుకుంది. శివారు అనగానే నాకు ఊరి చివర తుమ్మచెట్లు, చెరువు గట్టు, వీధి దీపం లేని రోడ్డు కనిపిస్తాయి. "నగర శివారులో గుర్తు తెలియని మృతదేహం" అని చదివీ చదివీ ఆ మాటకే భయం అంటుకుంది. ఇంగ్లీషువాళ్ళ సబర్బ్ దీనికి సరిగ్గా ఎదురు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో ఊళ్ళ బయట పొలాలు చదును చేసి ఒకే నమూనా ఇళ్ళు వరసగా కట్టారు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ 1947లో మొదలైతే, నాలుగైదేళ్ళలో 17 వేలకు పైగా ఇళ్ళు లేచాయి. పిల్లలున్న కుటుంబాలు, కాస్త జీతం ఉన్నవాళ్ళు కోరి వెళ్ళిన చోటు అది. ఏ భయమూ లేదనుకున్న చోట భయం పుట్టించడమే ఆ కథల బలం. శివారు అంటే ఆ బలం మొదటి మాటలోనే పోతుంది. మనకి దానికి సాటి మాట కాలనీయే.

నా వరకు వీటిని "ఇంటిగుట్టు కథలు" అనొచ్చనిపిస్తోంది. మొదటి వాక్యం మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. మీరేమంటారు?

తెనాలి సభ్యుడు: ఇంటిగుట్టు అనే మాట బాగుందక్కా, కానీ దాని వెనక ఒక సామెత బరువుంది. "ఇంటిగుట్టు లంకకు చేటు." ఇది విభీషణుడి మీద పుట్టిన సామెత. రావణుడి నాభిలో అమృతం ఉందని విభీషణుడే చెప్పాడనే కథ మనకి బాగా అలవాటు. వాల్మీకంలో అది లేదు. అక్కడ చివర్లో బ్రహ్మాస్త్రం సంగతి రాముడికి గుర్తుచేసేది ఇంద్రుడి సారథి మాతలి. విభీషణుడు నిజంగా ఇంటిగుట్టు విప్పింది ఇంద్రజిత్తు విషయంలో. నికుంభిలలో హోమం పూర్తయితే అతణ్ణి గెలవలేరని చెప్పి, లక్ష్మణుణ్ణి అక్కడి మర్రిచెట్టు దాకా వెంటపెట్టుకుని వెళ్ళాడు.

నేను చెప్పదలిచింది ఏంటంటే, సామెత లంక పక్షాన నిలబడి మాట్లాడుతోంది. గుట్టు బయటికి పొక్కడమే చేటు అంటోంది. సీతను ఎత్తుకొచ్చి అశోకవనంలో పెట్టడం చేటు కాదా మరి? మీ అమ్మాయి చదివే కథలు ఈ సామెతకి అడ్డం తిరుగుతాయి. వాటిలో విభీషణుడు బయటికి రాని ఇల్లే కూలిపోతుంది. అందుకని "ఇంటిగుట్టు కథ" అన్న పేరుకి నా ఓటు. ఆ పేరు చూసి సామెత తలుచుకున్నవాడికి కథ ఎదురు జవాబు చెబుతుంది.

పొన్నూరు సభ్యురాలు: మా నాన్నగారు ఒక శ్లోకం చెప్పేవారు, "ఆయుర్విత్తం గృహచ్ఛిద్రం" అని మొదలవుతుంది. దాచుకోవలసిన తొమ్మిది విషయాల పట్టిక అది. వయసు, డబ్బు, తర్వాత గృహచ్ఛిద్రం. ఛిద్రం అంటే చిల్లు. ఇంటికి పడ్డ చిల్లు బయటవాళ్ళకి చూపించకు అని. గుట్టు అన్న మాటలో మూత ఉంది, ఛిద్రం అన్న మాటలో ఆ మూత కింద ఉన్నది ఉంది. మీ అమ్మాయికి ఈ మాట కూడా పనికొస్తుందేమో చూడండి.

గుంటూరు సభ్యుడు: మొదటి వాక్యానికి "గుంభనంగా ఉంటారు" అంటే సరిపోదా మేడమ్? పొగడ్తా కాదు, నిందా కాదు.

పోస్టు పెట్టినావిడ: మంచి మాట గుర్తుచేశారు. నేనూ దాన్ని పలికి చూశాను. అయితే గుంభనం మనిషి ముఖానిదీ నోటిదీ అండీ. ఒకాయన గుంభనంగా ఉన్నాడంటే ఏదో మనసులో పెట్టుకుని పెదవి విప్పడం లేదని. ఇల్లు మొత్తానికి అది అతకదు. "గుంభనంగా సంసారం చేస్తున్నారు" అని ఎవరూ అనగా నేను వినలేదు.

విజయవాడ సభ్యుడు, పటమట: నాదొక చిన్న గమనిక. ఇరుగుపొరుగు అన్నప్పుడు ఇరుగు ఎప్పుడూ పొరుగుని వెంటపెట్టుకునే వస్తుంది. పొరుగూరు ఉంది, పొరుగుదేశం ఉంది, ఇరుగూరు లేదు. ఆ జంటమాటలో మనుషులు మనకి అటూ ఇటూ ఉంటారు, మధ్యలో గోడ ఉంటుంది. అందుకే పాత మాటలన్నీ చెవికి సంబంధించినవి. గోడలకు చెవులుంటాయి అన్నాం, కళ్ళుంటాయి అనలేదు. అపార్ట్‌మెంట్‌లో మనిషి పక్కన కాదు, ఎదురుగా ఉంటాడు. తలుపుకి తలుపు, తలుపుకున్న చిన్న గాజుకన్ను. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చాక మా అపార్ట్‌మెంట్‌లోకి ఎన్నో కొత్త కుటుంబాలు అద్దెకి వచ్చాయి. ఎదురు ఫ్లాట్ వాళ్ళ ఊరేదో నాకు ఏడాది దాకా తెలియదు. వాళ్ళు ఎన్నింటికి వస్తారో, చేతిలో ఏ సంచి ఉంటుందో మాత్రం తెలుసు. అమ్మాయి కథకి కానూరు సరైన చోటు. బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి, పెనమలూరు నిన్నమొన్నటి దాకా పల్లెటూళ్ళు. అప్పట్లో ఎవరింటికి ఎవరొచ్చారో ఊరంతటికీ తెలిసేది.

పోస్టు పెట్టినావిడ: చెవి, కన్ను అని మీరు రాసింది చదివాక ఒక పాత సంగతి బయటికి వచ్చింది. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

నా చిన్నప్పుడు మేం గుంటూరు బ్రాడీపేటలో వాటాల ఇంట్లో ఉండేవాళ్ళం. నాలుగు వాటాలు, మధ్యలో నుయ్యి, పైన ఒకటే డాబా. వేసవిలో అందరం చాపలు, నీళ్ళ కూజాలు పట్టుకుని పైకెళ్ళి పడుకునేవాళ్ళం. కింద వీధి వైపు వాటాలో కొత్తగా కాపురానికి వచ్చిన ఒకావిడ ఉండేది. వాళ్ళిద్దరూ పైకి వచ్చేవాళ్ళు కాదు. కొన్ని రాత్రుళ్ళు ఉన్నట్టుండి వాళ్ళ రేడియో గొంతు పెరిగేది. పాట వినడానికి పెంచిన సౌండ్ కాదని నాకు కూడా తెలిసేది. డాబా మీద అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న పెద్దవాళ్ళు మాట ఆపేసి అటు తిరిగి పడుకునేవాళ్ళు. విసనకర్రల చప్పుడు మాత్రం వినిపించేది.

తెల్లారి ఆవిడ నూతి దగ్గరికి వచ్చేది. మే నెల గుంటూరు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో కొంగు రెండు భుజాల మీదుగా నిండుగా కప్పుకుని, మోచేతులు బయటికి రాకుండా చేద లాగేది. మా నాయనమ్మ చూసి, "గుట్టైన పిల్ల, నోట్లోంచి ఒక్క మాట రాదు" అనేది. అని ఊరుకునేది కాదు, ముద్దపప్పూ కొత్తావకాయా అన్నంలో కలిపి గిన్నెతో నా చేత పంపించేది. ఆవిడ తలుపు బెత్తెడు తెరిచి, గిన్నె అందుకుని, కడిగి అక్కడికక్కడే తిరిగిచ్చేది. ఒకసారి గిన్నె ఇస్తుంటే చేతికి గాజులు లేవు, మణికట్టు చుట్టూ సన్నగా గీరుకున్న ఎర్ర గీతలున్నాయి. నేను అలా చూస్తుంటే, "నాయనమ్మకి బాగుందని చెప్పమ్మా" అంది. అంతే చెప్పాను.

ఆ సంవత్సరం శ్రావణ మాసం రాకముందే వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. ఎక్కడికి వెళ్ళారో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఈ మాట పట్టుకుని కూర్చుంటే నాకు తట్టింది ఇది. రహస్యం అన్నాక తెలియనివాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఇంట్లో తెలియనివాళ్ళు ఎవరున్నారు? నాలుగు వాటాల వాళ్ళకీ తెలుసు, పదేళ్ళ నాకూ తెలుసు. అయినా దాన్ని గుట్టు అనే అన్నాం. ఆవిడ ఒక్కత్తే దాచుకోలేదు, మేమందరం పట్టుకుని దాచాం. మా నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. ఆవిడకి తెలిసిన సాయం ఆ గిన్నె. ఆవిడకి తెలిసిన మెప్పు ఆ మాట.

ఇదంతా నిన్న రాత్రి మా అమ్మాయికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దున్న చూస్తే కథ మొదలు మార్చింది. రెండే వాక్యాలు, మీ ముందు పెడుతున్నాను:

"ఎదురు ఫ్లాట్ వాళ్ళు ఎంత గుట్టుగా బతుకుతున్నారో చూసి నేర్చుకోమంది మా నాయనమ్మ. రాత్రి పదిన్నరకి వాళ్ళ టీవీ సౌండ్ మళ్ళీ పెరిగింది."