సమస్య: "జుట్టు పోయిన రాజుకు చోటు లేదు"

ఛందస్సు తేటగీతి. ఈసారి మన పురాణాల జోలికి పోవద్దు. 5 నుంచి 8వ శతాబ్దం దాకా ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతపు ఫ్రాంకులను ఏలిన మెరోవింజియన్ వంశం మీదే పూరించాలి. మెరోవెక్ వంశీకులనండి, దీర్ఘకేశులనండి, మీ ఇష్టం. పొడుగు జుట్టే వాళ్ల రాజచిహ్నం.

గుంటూరు మాస్టారు

పెపిను పోపును వేడగఁ బీఠ మబ్బె
చిల్డెరికు తల గొరిగిరి సిగ్గు లేక
మఠము మూలకుఁ బంపిరి, మరల రాడు
జుట్టు పోయిన రాజుకు చోటు లేదు.

*నిర్వాహకుడు:* పెపిన్ అనే మంత్రి పోపు అండతో చివరి మెరోవింజియన్ రాజు చిల్డెరిక్‌ను దించేసిన 751 నాటి కథ మొత్తం నాలుగు పాదాల్లో ఇమిడింది. కానీ మాస్టారూ, "పోపును వేడగ" అనగానే నాకు ఆవాలు చిటపటలాడాయి! "గురువును" అంటే సరి. నాలుగు లఘువుల నలమే కనుక గణం చెడదు.

కడప చెల్లెమ్మ

కత్తి కత్తెర రెండును కాన వచ్చె
మనుమలకు నేది తగునని మథన పడుచు
అవ్వ కత్తినె యెంచెను హా! విధాత
జుట్టు పోయిన రాజుకు చోటు లేదు.

(కొడుకు క్లోడోమేర్ 524లో యుద్ధంలో పోయాక, క్లోటిల్డ్ రాణికి మిగతా కొడుకులు పంపినవే ఆ రెండూ. జుట్టు కత్తిరించిన మనుమల్ని చూడటం కన్నా చావే నయమందట. ఇద్దరిని చంపేశారు. మూడోవాడు క్లోడోఆల్డ్ తన జుట్టు తనే కోసుకుని సన్యాసి అయ్యాడు.)

*మాస్టారు:* అ-హా యతి చెల్లింది. "అవ్వ" మీ సీమ మాట, బాగా కుదిరిందమ్మా.

కొత్త సభ్యుడు

ఆ మెరోవింజియను రాజు లలసగతులు
ఎద్దుబండ్లపై నూరేగి రేమి చెప్ప
పనులు చూచెడు మంత్రియే ప్రభువు కాగ
జుట్టు పోయిన రాజుకు చోటు లేదు.

*నిర్వాహకుడు:* "మెరో" లగం (లఘువు, గురువు), దానితో తేటగీతిలో ఏ గణమూ మొదలుకాదు. ముందు "ఆ" పెట్టి గట్టెక్కారు, భేష్! "దీర్ఘకేశులు" అయితే ఈ టెన్షన్ ఉండదు. "అలసగతులు" మాత్రం వంశమంతటికీ చెల్లదు. ఫ్రెంచివాళ్లు సోమరి రాజులనేది దాగోబెర్ట్ (మరణం 639) తర్వాతి వాళ్లనే, తొలినాళ్ల యోధుడైన రాజు క్లోవిస్‌ను కాదు. పైగా మూడు పాదాల్లో జుట్టు ఊసే లేదు, సమస్య అతకలేదు. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

కురులె కాపాడె వారిని కొన్ని నాళ్లు

*కొత్త సభ్యుడు:* మార్చానండి. ఎద్దుబండి మాత్రం ఉంచుతాను. అది ఆ కాలపు చరిత్రకారుడు ఐన్‌హార్డ్ రాసిందే.

*మాస్టారు:* ఆయన పెపిన్ వారసుల కొలువులో మనిషి నాయనా, దించేసిన వంశాన్ని పొగుడుతాడా?