అమ్మకంటే నాన్న ఐదేళ్లు పెద్ద, కానీ ముసలిదైపోయింది అమ్మే. ఎందుకిలా?

చంద్రగిరి_కుర్రోడు:
ఎక్కడ అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నా. నాన్నకి 63, అమ్మకి 58. శ్రీవారి మెట్టు మాకు కూతవేటు దూరమే అయినా మొక్కు అలిపిరిది, అందుకని ఏటా ఇద్దరూ అటునుంచే 3550 మెట్లూ ఎక్కుతారు. ఐదారేళ్ల కిందటిదాకా అమ్మే ముందు, నాన్న వెనకాల రొప్పుకుంటూ వచ్చేవాడు. మొన్న గాలిగోపురం ఇంకా చాలా దూరం ఉండగానే అమ్మ కూర్చుండిపోయింది. లేపి కిందికి తీసుకొస్తే దిగడం ఎక్కడంకన్నా నరకమైంది, ఒక్కో మెట్టుకీ నా భుజం పట్టుకుని ఆగింది. చివరికి బస్సెక్కి కొండకి పోయాం. ఆ బస్సులో కండక్టరు మా నాన్నని "జరుగన్నా" అన్నాడు, అమ్మని "కూర్చో అవ్వా" అన్నాడు. నాన్న ఇంటికొచ్చాక కూడా అదే చెప్పి నవ్వుతున్నాడు, అమ్మ నవ్వలేదు.

నా డౌటు ఏంటంటే, ఆడవాళ్లకి వయసు తొందరగా మీద పడుతుందా? అదే నిజమైతే మా ఊళ్లో 80 దాటినవాళ్లు దాదాపు అందరూ అవ్వలే ఎందుకున్నారు, తాతలు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఈ లెక్క నాకు కుదరడం లేదు.

తోతాపురి_మామిడి:
సింపుల్ బ్రో. ఒకప్పుడు రోకలి, తిరగలి, బావి నీళ్లు. ఇప్పుడు మిక్సీ, గ్రైండరు, ఇంట్లో కొళాయి. ఒళ్లు వంచకపోతే కీళ్లు బిగుసుకోవా మరి.

రిటైర్డ్_టీచరమ్మ:
పైన రాసిన బాబూ, 58 ఏళ్ల పల్లెటూరి ఆడమనిషికి ఒళ్లు వంచడం నువ్వు నేర్పనక్కర్లేదు. చెనిక్కాయలు పీకింది, ఎనుములకి గడ్డి కోసింది, మీ నాన్నలకి సంగటి కెలికింది వాళ్లే.

చంద్రగిరి నాయనా, నిన్నొకటి అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పు. మీ అమ్మకి గర్భసంచి తీసేశారా? తీస్తే ఏ వయసులో?

ఎందుకు అడుగుతున్నానంటే, ఆడవాళ్లకి వయసు మీద పడటానికి ఒక తేదీ లాంటిది ఉంటుంది, ముట్టు ఆగిపోయిన రోజు. మన దేశంలో అది మామూలుగా 46, 47 దగ్గర వస్తుంది. ఆ తర్వాత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను పడిపోయి, మొదటి ఐదారేళ్లలోనే ఎముక గబగబా పల్చబడుతుంది, కొందరికి 20 శాతం దాకా పోతుంది. చర్మం సాగడం, నిద్ర పట్టకపోవడం, ఒళ్లంతా ఆవిర్లు, అన్నీ ఆ టైములోవే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే మెనోపాజ్, అంటే ముట్టు ఆగే దశ, వచ్చినట్టు, అది ముప్పై అయిదేళ్లకైనా సరే. అండాశయాలు ఉంచినా చాలామందికి కొన్నేళ్లు ముందే వచ్చేస్తుంది. ఇక మన రాష్ట్రం సంగతి చెప్పనా? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర, మన దగ్గర 8 శాతం పైన. నా తోటి టీచర్లలోనే ఎంతమందో.

చంద్రగిరి_కుర్రోడు:
మేడమ్, మీరు అడిగాక ఇప్పుడే అమ్మని అడిగాను. 36 ఏళ్లకే తీసేశారట. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి, అమ్మ ఆస్పత్రిలో ఉందని అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నట్టు మాత్రం గుర్తుంది. బ్లీడింగ్ ఎక్కువవుతోందని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకి పోతే, "పిల్లలు ఇద్దరున్నారు కదా, ఇక ఆ సంచితో పనేముంది, ఉంచితే క్యాన్సర్ వస్తుంది" అన్నారట. మందులు వాడి చూద్దామని ఎవరూ అనలేదు. అండాశయాలు తీశారో లేదో అమ్మకి తెలియదు, కాగితాలు లేవు. అవీ తీసుంటే మా అమ్మ శరీరానికి వయసు లెక్క ఇరవై ఏళ్ల కిందటే మొదలైందన్నమాట. ఇది వినేసరికి మనసు అదోలా అయిపోయింది.

ఫిజియో_తిరుపతి:
టీచరమ్మగారు చెప్పింది నిజమే కానీ ఒక చిన్న సవరణ. ఎముక పల్చబడటం వేరు, మోకాలు అరగడం వేరు. ఎముక పల్చబడితే విరిగేదాకా నొప్పి తెలియదు. మెట్లు దిగేటప్పుడు ప్రాణం పోయేది మోకాలి గుజ్జు అరిగినవాళ్లకి, అది కూడా యాభై దాటాక ఆడవాళ్లకే ఎక్కువ. మీ అమ్మకి రెండూ ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు, చూడకుండా చెప్పలేం. మోకాలికి నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి, పడుకోబెట్టి తీస్తే అరుగుదల సరిగ్గా కనపడదు. ఎముకకి డెక్సా స్కాన్. రిపోర్టులో ఎముక గట్టిదనం చెప్పే టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక బాగా పల్చబడిన జబ్బు అంటారు, మందులున్నాయి, భయపడొద్దు. బర్డ్ ఆస్పత్రి పూర్తిగా ఎముకలదే కాబట్టి ముందు అక్కడ చూపించండి.

మగవాళ్లకి ఇంత హఠాత్తుగా జరగదు. నలభై దాటాక టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది, ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతూ దిగినట్టు. ఆడవాళ్లది అలా కాదు, బ్రేకులు ఫెయిలైన బస్సే. అందుకే మీ నాన్న ఇంకా "అన్నా" అనిపించుకుంటున్నాడు.

సంగటి మానిపించకండి, నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. కానీ సంగటి ఒక్కటే తింటే సరిపోదు, తొడ కండ బలపడకపోతే మోకాలి మీద భారం తగ్గదు. కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టడం, రోజూ రెండు పూటలా. నొప్పి అని పూర్తిగా మంచం ఎక్కిస్తే ఉన్న కండ కూడా పోతుంది. చేయమంటే ఎవరూ చేయరు, నూనె రాయమంటే మాత్రం సంతోషంగా రాస్తారు!

పలమనేరు_పెద్దాయన:
తమ్ముడూ, మీ ఊళ్లో తాతలు ఏమయ్యారని అడిగావు కదా, దానికి నేను చెప్తా. పోయారు. నేనూ పోవాల్సినవాణ్ణే, 54కి స్టెంట్ పడింది. అంతకు ముందు రోజు కూడా పొలంలో గెనాలు సరిచేసి వచ్చినోణ్ణి, ఒంట్లో ఏ నొప్పీ లేదు. అదే మగవాళ్ల తంటా, పైకి గట్టిగానే కనపడతాం, లోపల గుండె గొట్టాలు మూసుకుపోతుంటాయి. ఆడవాళ్లకి ముట్టు ఆగేదాకా ఆ హార్మోనే గుండెకి కాస్త కాపు. మనకి ఆ కాపు లేదు, పైగా బీడీలు, మందు. 2016-20 ప్రభుత్వ లెక్కల్లో మగవాళ్ల సగటు ఆయుష్షు 68.6, ఆడవాళ్లది 71.4. మన రోగాలు చంపేవి, వాళ్ల రోగాలు ఏళ్ల తరబడి సతాయించేవి. ఎవరి ముసలితనం నయమో నన్నడిగితే చెప్పలేను, మా ఆవిడ పదేళ్లుగా నేలమీద కూర్చోలేదు.

అట్లని ఆడవాళ్లకి గుండెపోటు రాదనుకోవద్దు. ముట్టు ఆగినాక వాళ్లకీ వస్తుంది, కాకపోతే చాలాసార్లు ఛాతీలో నొప్పి ఉండదు, దవడ లాగడం, వికారం, ఊరికే అలుపు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. మెట్ల మీద మీ అమ్మ కూర్చున్నది మోకాలికేనా, ఆయాసానికా? అది కూడా కనుక్కో, ఒక ఈసీజీ తీయించు.

ఇంకొకటి. మీ నాన్న రాత్రిపూట ఒంటేలుకి ఎన్నిసార్లు లేస్తాడో అడిగి చూడు.

చంద్రగిరి_కుర్రోడు:
అన్నా, అడిగాను. నాన్న "ఒకసారి" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ "నాలుగుసార్లు, లేచినప్పుడల్లా నన్నూ లేపుతాడు" అంది.

ఫిజియో_తిరుపతి:
మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉండొచ్చు, యాభై దాటిన మగవాళ్లలో చాలా మామూలు. సుగర్ ఉన్నా అలాగే లేస్తారు. రెండూ చూపించండి, వయసు అని వదిలేయొద్దు.

చంద్రగిరి_కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్. అమ్మకి ఆయాసం లేదంది, మోకాలే. సోమవారం బర్డ్‌కి పోదామంటే ఒప్పుకోవడం లేదు, "నాది ఉండేదే కదా, ముందు మీ నాయనకి చూపించు" అంటోంది. నాలుగుసార్లు లేస్తాడని బయటపెట్టించి నేనే తప్పు చేసినట్టున్నా.

రిటైర్డ్_టీచరమ్మ:
ఇద్దరికీ ఒకే రోజు పెట్టించు. ఒకే ఆటోలో ఎక్కించి, ముందు అమ్మ ఆస్పత్రి దగ్గర ఆపించు.