డిగ్రీ సోషియాలజీ పిల్లలకు గణాంకాలు చెప్పడానికి ఉచితంగా ఏమైనా ఉందా?

సోషియాలజీ_మేడమ్:
మధ్యాహ్నం నుంచి వెతుకుతూనే ఉన్నానండి, తల పగిలిపోతోంది. ఉచితం అని ఉంటుంది, తీరా తెరిస్తే మొదటి పేజీలోనే సూత్రాలు. నాకు కావాల్సింది అవి కాదు. పేపర్లో ఒక శాతం కనిపిస్తే అది దేనిలో శాతం, ఎంతమందిని అడిగి చెప్పారు అని పిల్లలు అడగగలగాలి, అంతే. సోమవారం క్లాసు. ఎవరైనా చెప్పండి.

కోడ్_వీరుడు:
ఆర్ నేర్పండి, లెక్కలు చేసే ప్రోగ్రామింగ్ భాష. ఉచితమే.

లెక్కల_పంతులు:
ముందు మాట సరిచేసుకుందాం మేడమ్. గణాంకాలంటే అంకెల సమాచారం, శాస్త్రం పేరు సాంఖ్యక శాస్త్రం. సగటు అనే ఒక్క మాటతో అంతా నెట్టుకొస్తున్నాం, అసలు తిప్పలు అక్కడే. పది ఇళ్లలో తొమ్మిదింటికి నెలకు 10 వేలు, ఒక ఇంటికి 3 లక్షలు వస్తే అంకమధ్యమం, అంటే మొత్తాన్ని పదితో భాగిస్తే వచ్చేది, 39 వేలు; మధ్యగతం, అంటే వరుసలో పేరిస్తే నడుమ వచ్చేది, 10 వేలే. ఇది తెలియకపోతే ఏ వెబ్‌సైటూ పనికిరాదు.

సర్వే_సైకిల్:
మధ్యగతం అంటే పిల్లలు బెదిరిపోతారు సార్, నడిమి విలువ అనండి.

లెక్కల_పంతులు:
పరీక్షలో మధ్యగతం అనే వస్తుంది కదండీ.

సోషియాలజీ_మేడమ్:
ఆర్ ఎక్కడ నేర్పను? మాకు ల్యాబ్ లేదు, అందరూ తెలుగు మీడియం, చేతిలో ఫోన్లే.

సర్వే_సైకిల్:
ఇది మొదటే చెప్పాల్సింది మేడమ్. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫ్యాక్ట్‌షీట్లు, అంటే ముఖ్యమైన అంకెల పట్టికలు, తీసుకోండి, జిల్లాలవారీగా పీడీఎఫ్‌లు ఉచితం. 2019–21 సర్వేలో దేశం మొత్తానికి వెయ్యి మంది మగవాళ్లకు 1,020 మంది ఆడవాళ్లు అని వచ్చింది, 2011 జనగణనలో 943. ఏది నిజం అని క్లాసులో వదలండి. సర్వే కొన్ని ఇళ్లనే ఎంచుకుని, ముందు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లను లెక్కేస్తుంది. పనికి వలస వెళ్లిన మగవాళ్లు అక్కడ ఉండరు, హాస్టళ్లు, బ్యారక్‌లు అసలు లెక్కలోకి రావు. అదే సర్వేలో పుట్టిన పిల్లల్లో చూస్తే వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 929 మందే. ఆడపిల్లల కొరత తీరిపోయిందని అప్పట్లో ఎంతమంది రాసేశారో, నాకు ఇప్పటికీ బాధే.

నీలి_పెన్ను:
దేశాల ఆదాయం, ఆయుర్దాయం లాంటివి పోల్చి చూపే గ్యాప్‌మైండర్ వెబ్‌సైట్ బుడగల చార్టు బ్రౌజర్‌లోనే వస్తుంది, ఒక ఫోన్ చుట్టూ నలుగురు కూర్చోవచ్చు. కానీ కింద ఆదాయం గీతలో ఒక్కో మెట్టుకు విలువ రెట్టింపవుతుంది, అది ముందే చెప్పండి, లేకపోతే పేద దేశానికీ ధనిక దేశానికీ దూరం తక్కువనుకుంటారు. పిల్లలే డేటాతో చార్టులు గీసుకునే కోడాప్ కూడా ఉచితమే, ఇన్‌స్టాల్ అక్కర్లేదు, కాకపోతే చిన్న తెర మీద కష్టం.

కోడ్_వీరుడు:
ఆర్ కూడా బ్రౌజర్‌లో నడుస్తుంది.

సోషియాలజీ_మేడమ్:
మా జిల్లా షీట్ దించుకున్నాను, థాంక్సండీ. కొన్ని అంకెలకు బ్రాకెట్లు ఎందుకున్నాయి?

సర్వే_సైకిల్:
అక్కడ 25 నుంచి 49 కేసులే, అంటే అంతమంది మీదే ఆ అంకె లెక్కగట్టారని. 25 కూడా లేకపోతే అంకె ఇవ్వరు, నక్షత్రం గుర్తు పెడతారు. క్లాసు అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

లెక్కల_పంతులు:
నడిమి విలువ గురించి ఇంకో మాట చెప్పాలి, రేపు రాస్తాను.