ఓర్వియెటోలో ఒక్క రోజు: బావిలోకి దిగాలా వద్దా?

ప్రశ్న: రోమ్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేలా ఇటలీలోని కొండమీది ఊరు ఓర్వియెటో అనుకుంటున్నాం. ఊళ్లో ఏది ముందు, ఏది తర్వాత చూడాలి? మాతో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వస్తున్నారు. అక్కడి పాత బావిలోకి దిగగలరా?

జవాబు 1: స్టేషన్ కింద, ఊరు పైన కొండరాతి మీద. స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్ ఉంది, అంటే తాడుతో లాగే బండి. 1888లో నీళ్ల బరువుతో నడిచేది, ఇప్పుడు కరెంటు. పైన దిగాక నాలుగడుగుల్లో సాన్ పాట్రిజియో బావి.

1527లో రోమ్‌ను సైన్యాలు కొల్లగొట్టినప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ ఈ ఊళ్లో తలదాచుకున్నాడు. ముట్టడి పడితే నీళ్లెలా అని వాస్తుశిల్పి ఆంటోనియో ద సంగాల్లో చేత ఈ బావి తవ్వించాడు. లోతు సుమారు 53 మీటర్లు. గోడ చుట్టూ ఒకదాన్నొకటి తగలని రెండు మెట్లదారులు: ఖాళీ కుండలతో కంచర గాడిదలు ఒకదాంట్లో దిగి, అడుగున చిన్న వంతెన దాటి, నీళ్లతో రెండోదాంట్లో ఎక్కేవి. ఎదురుపడే పనే లేదు! గాడిదల కోసం కట్టినవి కాబట్టి మెట్లు వెడల్పు, ఎత్తు తక్కువ. అయినా దిగడానికి 248, ఎక్కడానికి మళ్లీ 248. మధ్యలో ఆగిపోతే లిఫ్టు లేదు. పెద్దావిడ పైనుంచి తొంగిచూస్తే చాలు.

జవాబు 2: పైది సరే కానీ బావితో మొదలుపెట్టకండి, కాళ్లు అక్కడే అయిపోతాయి. తిరుగు ప్రయాణంలో ఎలాగూ అదే దారి. పొద్దున డ్యువోమో, అంటే ఊరి పెద్ద చర్చి, లోపలికి వెళ్లండి, భుజాలు కప్పుకుని. కుడివైపు సాన్ బ్రిజియో చాపెల్‌లో (చర్చిలోనే చిన్న ప్రార్థన గది) చిత్రకారుడు లూకా సిన్యొరెల్లి 1499–1504 మధ్య వేసిన ప్రళయకాల చిత్రాలకే అరగంట పెట్టండి. ముఖద్వారం పడమటి వైపు కాబట్టి దాని బంగారు మొజాయిక్‌లు (చిన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మలు) మెరిసేది మధ్యాహ్నం తర్వాతే. అందుకని ఇంకోసారి అటు రండి.

జవాబు 3: నేల కింది గుహల్ని మరిచారు. ఇక్కడి రాయి టఫ్, అంటే అగ్నిపర్వత బూడిద గట్టిపడ్డ మెత్తని రాయి. రోమన్లకు ముందు ఇక్కడున్న ఎట్రుస్కన్ల కాలం నుంచీ తవ్వుతూనే ఉన్నారు. గోడల్లో వరసగా గూళ్లు కనిపిస్తాయి, పావురాలవి. పావురాలు బయటికెళ్లి మేసి వచ్చేవి. మేత ఖర్చు లేకుండా ముట్టడిలోనూ మాంసం దొరికేది. గైడుతోనే పంపుతారు, ఇక్కడా మెట్లున్నాయి.

రైలు సంగతి: రీజినల్ బండి (మన ప్యాసింజర్ లాంటిది) పట్టండి, గంటా ఇరవై నిమిషాలు. కాగితం టికెట్టయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది మెషీన్లో ముద్ర వేయించాలి. లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానాయే.