అమ్మకు 5 ఏళ్ల హార్మోన్ మాత్ర: మొదలుపెట్టాలా?

మాది హనుమకొండ. 61 ఏళ్ల మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ అయిపోయాయి. ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల పెరిగే రకం) కాబట్టి జబ్బు తిరగబెట్టకుండా రోజూ లెట్రోజోల్ 2.5 మి.గ్రా. మాత్ర, కనీసం 5 ఏళ్లు వాడాలన్నారు డాక్టరు గారు.

చిక్కంతా అమ్మ మోకాళ్లతోనే. ఇప్పటికే మెట్లెక్కలేదు. ఈ మందుతో కీళ్లనొప్పులు రావచ్చని, ఎముకలు పలచబడొచ్చని విన్నప్పటి నుంచి "నాకొద్దు బిడ్డా, ఉన్నన్ని దినాలు నా కాళ్ల మీద నన్ను నడవనియ్యి" అంటోంది. (పసరు మందు చాలని పెద్దమ్మ సలహా. దాని జోలికి మేం పోం.) టామాక్సిఫెన్ అనే వేరే హార్మోన్ మాత్ర అడిగితే, అమ్మకు ఇదివరకు కాలిలో రక్తం గడ్డకట్టింది కాబట్టి వద్దన్నారు. ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ వచ్చే వారం.

లెట్రోజోల్ వాడుతున్నవాళ్లకు నొప్పులు ఎన్నాళ్లకు మొదలయ్యాయి? అదే రకం మందైన అనస్ట్రజోల్‌కు మారితే తగ్గాయా? మధ్యలో మానేసినవాళ్లుంటే ఎందుకో కూడా దయచేసి చెప్పండి.