యాక్టర్ల ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ రాస్తున్నా, మెయిల్‌బాక్స్ నిండిపోతే ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఖాళీ టైంలో ఒక చిన్న లాంగ్వేజ్ రాస్తున్నాను. షేర్డ్ మెమరీ లేదు, లాకులు లేవు, అంతా యాక్టర్లే, అంటే దేని డేటా దాని దగ్గరే ఉంచుకుని విడివిడిగా నడిచే చిన్న భాగాలు, వాటికి మెసేజ్‌లు పంపుకోవడం ఒక్కటే దారి. కోడ్‌ని చదివే పార్సర్ అయిపోయింది, ఏ యాక్టర్ ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్ ఒక మోస్తరుగా నడుస్తోంది, యాక్టర్‌కి వచ్చిన మెసేజ్‌లు వేచి ఉండే మెయిల్‌బాక్స్ దగ్గర బండి ఆగింది. దానికి పరిమితి పెట్టి, నిండగానే పంపే యాక్టర్‌ని ఆపేస్తే, ఒకదానికొకటి పంపుకునే రెండు యాక్టర్లూ అలాగే నిలబడిపోయి డెడ్‌లాక్. పెట్టకపోతే మెమరీ అయిపోయి మొత్తం ప్రోగ్రామే పడిపోతుంది. ఇంకొకటి, ఎర్లాంగ్ అనే భాషలో లాగా కావాల్సిన మెసేజ్‌ని ఏరుకునే రిసీవ్ (మెసేజ్ తీసుకునే కమాండ్) ఇవ్వాలా, వచ్చిన వరుసలోనే తీసుకోమనాలా?

జవాబు 1:
నేను రోజూ ఎర్లాంగ్‌లోనే రాస్తాను, ఏరుకునే రిసీవ్ ఉంటే కోడ్ రాయడం చాలా హాయి అండి. కానీ లోపల జరిగేది చూడండి. మెయిల్‌బాక్స్‌లో లక్ష మెసేజ్‌లు పేరుకున్నాయి, మీకు కావాల్సిన జవాబు చివర్న ఉంది, అది దొరికేదాకా మొదటి నుంచి ఒక్కొక్కటీ ప్యాటర్న్‌తో, అంటే మీరు చెప్పిన మెసేజ్ రూపంతో, పోల్చుకుంటూ రావాలి, ఈలోగా ఇంకా మెసేజ్‌లు వచ్చిపడతాయి, తర్వాతి వెతుకులాట ఇంకా నెమ్మదిస్తుంది. దీనికి వాళ్ల కంపైలర్‌లో మంచి ఉపాయం ఉంది: ప్యాటర్న్‌లో అప్పుడే పుట్టిన రిఫరెన్స్ (ఇంకెక్కడా ఉండని గుర్తు) ఉంటే, అంతకుముందు వచ్చిన మెసేజ్‌లలో అది ఉండే అవకాశమే లేదు కాబట్టి వాటిని చూడకుండా దాటేస్తుంది. ఏరుకునే రిసీవ్ ఇచ్చేట్టయితే ఇది కూడా పెట్టండి.

జవాబు 2:
నేనైతే ఏరుకునే రిసీవ్ అసలు ఇవ్వను. పోనీ (Pony) అనే యాక్టర్ల లాంగ్వేజ్ చూడండి, రిసీవ్ అని ఆగడమే ఉండదు, మెసేజ్‌లు వచ్చిన వరుసలో బిహేవియర్లు (ఒక్కో రకం మెసేజ్‌కి రాసిన కోడ్) నడుస్తాయి. అంతకన్నా నాకు నచ్చింది దాని టైప్ సిస్టమ్. ఎర్లాంగ్‌లో మెసేజ్ పంపితే డేటా కాపీ అవుతుంది, 64 బైట్లు దాటిన బైనరీలు (ముడి బైట్ల డేటా) మాత్రం పంచుకుంటారు. పోనీలో ఒక ఆబ్జెక్ట్‌కి మీ దగ్గర తప్ప ఇంకెక్కడా రిఫరెన్స్ లేదని కంపైలర్ తేల్చుకుంటే కాపీ లేకుండానే చేతులు మారుతుంది. ఇంకో మాట, ఏ యాక్టర్ ఏ మెసేజ్‌లు తీసుకుంటుందో టైపులో ఇప్పుడే రాయించండి. అక్కా (Akka) అనే యాక్టర్ల లైబ్రరీ మొదట్లో ఏ మెసేజ్ అయినా పంపనిచ్చింది, టైపులున్న ఏపీఐ తర్వాత వేరేగా తేవాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి, వరుసలోనే తీసుకునేలా పెడతాను. మరి నిండితే?

జవాబు 3:
మెయిల్‌బాక్స్ పరిమితిని యాక్టర్‌ని పుట్టించేవాళ్లకే వదిలేయండి, నిండితే పంపేవాళ్లను ఆపకుండా ‘పట్టలేదు’ అని వెంటనే చెప్పండి. అడిగి జవాబు కోసం ఆగే కాల్స్‌కి టైమవుట్ తప్పనిసరి చేయండి. ఎర్లాంగ్‌లో సర్వర్లు రాయడానికి వాడే జెన్‌సర్వర్‌లో (gen_server) ఈ టైమవుట్ డిఫాల్ట్ 5000 మిల్లీసెకన్లు, రెండు సర్వర్లు ఒకదాన్నొకటి పిలుచుకుని ఇరుక్కున్నా ఐదు సెకన్లకు కాల్ ఫెయిలవుతుంది, ఆ ఎర్రర్‌ని పట్టుకోని ప్రాసెస్ (ఎర్లాంగ్‌లో యాక్టర్ పేరు) చస్తుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ ప్రాసెస్ మళ్లీ లేపుతుంది. 1980లలో ఎరిక్సన్ వాళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తయారుచేసుకున్న భాష ఎర్లాంగ్, ఒక ఫోన్ కాల్ తెగితే పక్క ఫోన్ కాల్ తెగకూడదు. అందుకే ఒక ప్రాసెస్ చస్తే ఇంకోదానికి తెలిసేలా చేసే లింకులు, మానిటర్లు లైబ్రరీలో కాకుండా భాషలోనే ఉన్నాయి. యాక్టర్ చచ్చిపోతే దాని మెయిల్‌బాక్స్‌లో మిగిలిన మెసేజ్‌ల సంగతి మీ డిజైన్‌లో ఎక్కడా కనపడలేదు, ముందు అది రాసి పెట్టండి, చూస్తాం.